వేగము చాలదు, మజిలీ కావలెను

మానవుడు బాట వేసిన నాటి నుండి అతనిని వెంటాడుతున్న ప్రశ్న ఒక్కటే: తరువాతి మజిలీ ఎంత దూరము? ఎడ్లబండి తోలినవానికి ఎడ్లకు మేత, నీరు దొరికే చోటు కావలసి వచ్చినది. గుర్రపు రౌతుకు దాణా కావలసి వచ్చినది. ఆవిరి యంత్రమునకు బొగ్గు, నీరు అవసరమైనవి. మోటారు వాహనమునకు పెట్రోలు బంకు అవసరమైనది. వాహనము మారినది గాని ప్రశ్న మారలేదు. నేడు విద్యుత్తుతో నడిచే కారు మన రహదారుల పైకి వచ్చినది. ఊరిలో తిరుగుటకు అది అనువైనదే అని చాలమంది అంగీకరించినారు. పొగ లేదు, చప్పుడు లేదు, ఖర్చు తక్కువ. కాని ఊరు దాటి రెండు మూడు వందల కిలోమీటర్లు పోవలెనన్నప్పుడు ఆ పాత ప్రశ్నయే కొత్త రూపములో ఎదురవుతున్నది. బ్యాటరీ ఎక్కడ నిండును? ఎంతసేపటికి నిండును?

'మజిలీ' అనే తెలుగు మాట ఉర్దూలోని 'మంజిల్' నుండి వచ్చినదే. మన కళాశాలలో ఈ రెండు భాషలు పక్కపక్కనే కూర్చుండి చదువుకొంటున్నవి. బాటసారి అవసరము కూడ ఈ రెండు భాషల వారికి ఒక్కటే. అందుచేత ఈ విషయమును గురించి మన వార్షిక సంచికలో నాలుగు మాటలు వ్రాయుట అసందర్భము కాదని తలుస్తున్నాను.

విద్యుత్ కారును గురించి ప్రకటనలలోను, సంభాషణలలోను నేడు వినవచ్చేదంతా వేగము సంగతే. ఒక సంస్థ నలభై నిమిషాలలో నింపుతామంటే, మరొకటి ఇరవై నిమిషాలు చాలునంటున్నది. 2025 మార్చిలో చైనా దేశపు బీవైడీ సంస్థ, అయిదు నిమిషాలలో సుమారు 400 కిలోమీటర్లకు సరిపడు విద్యుత్తును ఎక్కించగల 1000 కిలోవాట్ల పద్ధతిని ప్రకటించినది. విజ్ఞానశాస్త్రము సాధించిన ఈ విజయములను తక్కువ చేయుట నా ఉద్దేశము కాదు. అయితే మన రహదారులపై దూరప్రయాణము చేయువానికి మొట్టమొదట కావలసినది అత్యంత వేగము కాదనియు, నమ్మదగిన మజిలీ అనియు నా నిశ్చితాభిప్రాయము. పని చేయని మహా యంత్రము కంటె పని చేసే చిన్న యంత్రము మేలు. ఈ మాటను లెక్కలతో సహా నిరూపింప ప్రయత్నిస్తాను.

దారిలో ఇంధనము దొరకునో లేదో అనే ఆందోళన విద్యుత్ కారుతోనే పుట్టినదని కొందరు భావిస్తారు. అది నిజము కాదు. 1888 ఆగస్టులో జర్మనీ దేశమున బెర్తా బెంజ్ అనే మహిళ, తన భర్త కార్ల్ బెంజ్ నిర్మించిన మోటారు బండిలో ఇద్దరు కుమారులను వెంటబెట్టుకొని మాన్‌హైమ్ నుండి ఫోర్జ్‌హైమ్‌కు సుమారు 100 కిలోమీటర్లు ప్రయాణము చేసినారు. మోటారు వాహన చరిత్రలో దానినే తొలి దూరప్రయాణముగా పేర్కొంటారు. దారిలో ఇంధనము కావలసి రాగా ఆమె వీస్‌లోఖ్ అనే ఊరిలోని మందుల దుకాణములో లిగ్రోయిన్ అనే ద్రవమును కొని బండిలో పోయించినారు. పెట్రోలు బంకు అనునది అప్పటికి లోకములో లేదు. కనుక పెట్రోలు కారుకు నేడున్న సౌకర్యము దానితో పుట్టినది కాదు. తరువాతి తరములవారు ఊరూర బంకులు నెలకొల్పుట వలన కలిగినది.

మన దేశమున ఈ ఆలోచన ఇంకను ప్రాచీనమైనది. 1540 నుండి 1545 వరకు పాలించిన షేర్‌షా సూరి తన రాజమార్గముల వెంట ప్రతి రెండు క్రోసులకు ఒక సరాయి కట్టించినాడనియు, అందులో హిందువులకు, ముస్లిములకు వేర్వేరుగా వసతియు, గుర్రములకు దాణాయు ఏర్పాటు చేయించినాడనియు చరిత్రకారులు వ్రాసినారు. అంత దూరము పోనక్కరలేదు. హైదరాబాదు నుండి విజయవాడకు పోవు దారిలో నగరము దాటునప్పుడు వచ్చే హయత్‌నగర్ పేరు మనకందరకు తెలిసినదే. కుతుబ్‌షాహీ రాజమాత హయాత్ బక్షీ బేగం పేరున వెలసిన ఆ ఊరిలో బాటసారుల కొరకు కట్టిన సరాయి, దాని నడుమ మసీదు నేటికిని ఉన్నవి. గోల్కొండ సరకు మచిలీపట్నము రేవుకు చేరుటకు ఆ దిక్కుననే పోయెడిది. నేడు అదే దిక్కున 65వ నెంబరు జాతీయ రహదారి పూనా నుండి హైదరాబాదు, విజయవాడల మీదుగా మచిలీపట్నము వరకు సాగుతున్నది. ఇక గోదావరి లంకలలో డొక్కా సీతమ్మగారు బాటసారి ఏ వేళ వచ్చినను అన్నము పెట్టినారని తెలుగునాట ఎరుగనివారు లేరు. ఇందు మనము గమనింపవలసినది ఒకటున్నది. ఆ సరాయిలను, ఆ అన్నసత్రములను లోకము కీర్తించినది వడ్డన వేగమును చూచి కాదు. వచ్చినవానికి లేదనని గుణమును చూచి.

ఇప్పుడు అసలు విషయమునకు వద్దాము. ఫాస్ట్ చార్జింగ్ అనగా ఏమి? మన ఇండ్లకు వచ్చేది ఏసీ అని మనము పిలుచు విద్యుత్తు. బ్యాటరీ స్వీకరించేది డీసీ మాత్రమే. ఇంటి ప్లగ్గు నుండి కారుకు విద్యుత్తు ఇచ్చినప్పుడు కారులోనే అమర్చిన చిన్న పరికరము ఏసీని డీసీగా మార్చును. దాని శక్తి స్వల్పము. సాధారణమైన 15 ఆంపియర్ల ప్లగ్గు నుండి వచ్చునది సుమారు 3 కిలోవాట్లు. ఒక కిలోవాటు చొప్పున గంటసేపు వాడినచో ఒక యూనిట్ అని విద్యుత్ బిల్లు కట్టువారందరు ఎరుగుదురు. కనుక 45 యూనిట్లు పట్టే బ్యాటరీ ఇంటిలో నిండుటకు సుమారు 15 గంటలు పట్టును. రాత్రి పెట్టి మర్నాడు తీసుకొనుటకు అది చాలును గాని దారిలో పనికిరాదు. దారిలోని ఫాస్ట్ చార్జరులో ఏసీని డీసీగా మార్చే పెద్ద యంత్రము స్టేషనులోనే ఉండును. అది 30, 60, 120 కిలోవాట్లు, ఇంకను అంతకు మించి కూడ నేరుగా బ్యాటరీకి అందించును. మన దేశములోని నేటి కార్లు అధికముగా సీసీఎస్-2 అనే ప్లగ్గును వాడుతున్నవి.

స్టేషను బోర్డుపై వ్రాసిన సంఖ్య కారులోనికి పోవు శక్తి కాదు. యంత్రము ఇవ్వగలిగినది, కేబులు మోయగలిగినది, కారు పుచ్చుకొనగలిగినది, ఈ మూడింటిలో ఏది తక్కువైతే అదియే లెక్క. 60 కిలోవాట్లు మాత్రమే పుచ్చుకొను కారును 120 కిలోవాట్ల యంత్రము వద్ద నిలిపినను లాభము లేదు. చెంబు చిన్నదైనప్పుడు చెరువు ఎంత పెద్దదైననేమి?

మరియొక సంగతి. బ్యాటరీ మొదటి నుండి చివరి వరకు ఒకే వేగముతో నిండదు. ఖాళీగా ఉన్న ఆర్టీసీ బస్సు స్టాండులోకి వచ్చినప్పుడు జనము క్షణములో ఎక్కి సీట్లలో కూర్చుందురు. బస్సు నిండుతున్నకొద్దీ ఎక్కేవారు ఒదిగి ఒదిగి చోటు వెదుకుకొనవలసి వచ్చును. లిథియం అయాన్ బ్యాటరీలో జరుగునదియు ఇంచుమించు అదే. చార్జింగ్ జరుగునప్పుడు లిథియం అయానులు గ్రాఫైటు పొరలలోనికి చేరి స్థానము పొందవలెను. స్థానములు తరిగిన తరువాత కూడ బలవంతముగా తోసినచో, లోపలికి పోలేని లిథియం ఉపరితలము మీదనే లోహముగా పేరుకొనును. అప్పుడు బ్యాటరీ సామర్థ్యము తరుగును, ప్రమాదమునకు కూడ అవకాశము కలుగును. అందుచేత కారులోని నియంత్రణ వ్యవస్థ 80 శాతము దాటగానే వేగమును తగ్గించివేయును. దారిలో 10 నుండి 80 శాతము వరకు మాత్రమే నింపుకొని సాగిపొమ్మని నిపుణులు చెప్పుటకు కారణము ఇదియే. వేడిమి కూడ శత్రువే. కరెంటు రెట్టింపైనచో తీగలో పుట్టు వేడిమి నాలుగు రెట్లగును. కరెంటును పెంచక ఓల్టేజిని పెంచి, 400 ఓల్టుల బదులు 800 ఓల్టుల బ్యాటరీలను కొన్ని కార్లలో అమర్చుటలోని కిటుకు ఇందులోనే ఉన్నది.

ఈ శాస్త్రమును ఒక ప్రయాణమునకు అన్వయించి చూతము. హైదరాబాదు నుండి విజయవాడ సుమారు 270 కిలోమీటర్లు. కారు బ్యాటరీ 45 యూనిట్లదని అనుకొందము. నిదానముగా నడిపినప్పుడు 100 కిలోమీటర్లకు 15 యూనిట్లు ఖర్చగుననుకొనినచో మొత్తము ప్రయాణమునకు 40 యూనిట్లు చాలును. మజిలీ లేకుండనే విజయవాడ చేరవచ్చును. కాని రహదారిపై నిదానముగా నడుపువారెందరు? గాలి నిరోధము వేగముయొక్క వర్గమును అనుసరించి పెరుగునని భౌతికశాస్త్ర విద్యార్థులు చదివియే ఉందురు. గంటకు 80 నుండి 100 కిలోమీటర్లకు పెంచినచో ఆ నిరోధము 56 శాతము హెచ్చును. దానికి తోడు ఎండకాలములో ఏసీ వాడుక ఉండనే ఉన్నది. కనుక 100 కిలోమీటర్లకు 18 యూనిట్లు అనుకొందము. అప్పుడు 48 యూనిట్లకు పైగా కావలెను. బ్యాటరీ చాలదు. ఒక మజిలీ తప్పదు.

ఆ మజిలీ నడిమి దారిలోని సూర్యాపేట కావచ్చును. అక్కడికి చేరుసరికి ఖర్చయినది సుమారు 24 యూనిట్లు, మిగిలినది సుమారు 21. మిగిలిన దారికి 24 యూనిట్లు, చేరిన తరువాత కొంత నిలువ ఉండుటకు 4 లేక 5 యూనిట్లు కావలెను. అనగా సూర్యాపేటలో ఎక్కించుకొనవలసినది 8 యూనిట్లు మాత్రమే. 30 కిలోవాట్ల సామాన్యమైన యంత్రము ఆ పనిని 16 నిమిషాలలో ముగించును. అది ఒక చాయ్ త్రాగు సమయము. జపాను దేశస్థులు తమ ఫాస్ట్ చార్జింగ్ పద్ధతికి 'చాడెమో' అని పేరు పెట్టినారు. ఆ పేరు వారి భాషలో "టీ తీసుకొంటారా?" అని అడుగు మాటను తలపించును. ఇరానీ చాయ్ ఎరిగిన మన నగరవాసులకు అందలి చమత్కారమును విడమరచి చెప్పనక్కరలేదు.

కాని ఆ ఒక్క యంత్రము పని చేయనిచో? మిగిలిన 21 యూనిట్లతో వేగమును బాగుగా తగ్గించి, ఏసీ ఆపుకొని, చెమటలు కార్చుచు విజయవాడ చేరునప్పటికి బ్యాటరీ దాదాపు శూన్యము. 16 నిమిషాల పని లభింపక ప్రయాణమంతయు భయముతో గడుచును. ఆ చోట 120 కిలోవాట్ల యంత్రము పెట్టి అది నిద్రపోతున్నచో ప్రయోజనమేమి? అక్కడ 30 కిలోవాట్ల యంత్రము మెలకువగా ఉన్నచో లోటేమి?

ఇంకను దూరమైన విశాఖపట్నము ప్రయాణమును తీసుకొనుడు. 620 కిలోమీటర్ల ఆ దారిలో ఇదే కారుకు మూడు మజిలీలు కావలెను. ఒక్కొక్కటి 40 నిమిషాల చొప్పున మొత్తము రెండు గంటలు. పిల్లాపాపలతో పోవు కుటుంబము పెట్టెకారులో పోయినను, పెట్రోలు కారులో పోయినను భోజనమునకు, ఫలహారమునకు అంత సమయము ఆగుటయే సహజము. అయితే ప్రతి మజిలీలో ఒకే యంత్రము ఉండి, మనకంటె ముందు రెండు కార్లు నిలిచియున్నచో మజిలీకి 80 నిమిషాల చొప్పున మరి నాలుగు గంటలు కేవలము నిరీక్షణకే పోవును. సంక్రాంతి పండుగకు ఈ రహదారిపై చౌటుప్పల్ సమీపమున పంతంగి టోల్ గేటు వద్ద బారులు తీరు వాహనములను చూచినవారికి ఈ మాటలోని సత్యము తెలియును. పైగా అనేక స్టేషన్లలో ఒకే యంత్రమునకు రెండు గన్నులుండును. రెండు కార్లు ఒకేసారి తగిలించినచో 60 కిలోవాట్లు 30, 30గా పంచుకొనవలసి వచ్చును. బోర్డు మీద మాత్రము 60 అనియే ఉండును.

యంత్రము పని చేయకపోవుటకు కారణములు పలు విధములు. విద్యుత్ సరఫరా ఆగిపోవుట ఒకటి. దుమ్ముతో గాలిమార్గములు మూసుకొని, వేడెక్కి ఆగిపోవుట ఒకటి. చాల సందర్భములలో యంత్రము దివ్యముగానే ఉండును గాని మొబైలు సిగ్నలు లేక డబ్బు చెల్లింపు జరుగదు. ఒక్కొక్క సంస్థకు ఒక్కొక్క యాప్, ఒక్కొక్క యాప్‌లో ముందుగా వేయవలసిన డబ్బు. పెట్రోలు బంకులో నోటు చేతిలో పెట్టి సాగిపోవుటకు అలవాటుపడిన మనిషి, ఎండలో నిలిచి ఫోనులో తన పేరు, ఊరు నమోదు చేసుకొనుచు రహస్య సంఖ్య కొరకు ఎదురుచూచుట ఏమి నాగరికత? ఇవన్నియు దాటిన తరువాత ఆ చోట మరియెవరో పెట్రోలు కారు నిలిపి భోజనమునకు వెళ్ళియుండవచ్చును.

ఈ దుస్థితికి ఆర్థిక కారణము కూడ ఉన్నది. ఫాస్ట్ చార్జరుకు పెట్టుబడి అధికము. ఎవరు వచ్చినను రాకున్నను విద్యుత్ సంస్థకు స్థిర చార్జీలు చెల్లింపక తప్పదు. రోజునకు నాలుగైదు కార్లు మాత్రమే వచ్చు చోట యజమాని నష్టపోవును. నష్టపోవు యజమాని మరమ్మతుకు వెనుకాడును. మరమ్మతు లేని స్టేషనును కార్లవారు తప్పించుకొని పోవుదురు. కార్లు తగ్గగా నష్టము ఇంకను పెరుగును. ఈ విషవలయమును ఛేదించుట వ్యక్తుల వలన కాదు. ప్రభుత్వపు పూనిక కావలెను.

ప్రభుత్వము ఊరకున్నదని అనుట అన్యాయము. విద్యుత్ వాహనములకు చార్జింగ్ సేవ అందించుటకు లైసెన్సు అవసరము లేదని కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ 2018 ఏప్రిల్‌లో స్పష్టము చేసినది. రహదారులపై ఇరువైపుల ప్రతి 25 కిలోమీటర్లకు ఒక స్టేషను ఉండవలెనని అదే సంవత్సరము డిసెంబరులో మార్గదర్శకములను ప్రకటించినది. 2024లో కొత్త మార్గదర్శకములు వెలువడినవి. ఆ సంవత్సరమే ప్రారంభమైన పీఎం ఈ-డ్రైవ్ పథకములో చార్జింగ్ స్టేషన్ల కొరకు 2,000 కోట్ల రూపాయలు కేటాయించినారు. ఇవి సంతోషింపదగినవే. కాని నెలకొల్పిన యంత్రముల సంఖ్యను ప్రకటించుటలో ఉన్న ఉత్సాహము, ఈ ఉదయము వానిలో ఎన్ని పని చేయుచున్నవో ప్రకటించుటలో కనబడదు. తవ్విన బావులను లెక్కించి దప్పిక తీరినదని చెప్పవచ్చునా? నీరున్న బావులను గదా లెక్కింపవలెను!

ఇతర దేశములు ఈ పాఠమును కొంత నేర్చినవి. అమెరికా ప్రభుత్వము 2023లో రూపొందించిన నిబంధనలలో, కేంద్ర ధనముతో కట్టిన ప్రతి రహదారి స్టేషనులో కనీసము నాలుగు గన్నులుండవలెననియు, అవి 97 శాతము కాలము పని చేయుచుండవలెననియు విధించినది. ఐరోపా సమాఖ్య 2024 ఏప్రిల్ నుండి అమలు చేసిన చట్టములో, ప్రధాన రహదారులపై ప్రతి 60 కిలోమీటర్లకు ఒక స్టేషనును కోరుటయే గాక, కొత్తగా నెలకొల్పు ఫాస్ట్ చార్జర్ల వద్ద ఏ సంస్థలోను సభ్యత్వము లేకుండ సాధారణమైన బ్యాంకు కార్డుతో చెల్లించు వీలుండవలెనని శాసించినది. నార్వే దేశమున 2024లో అమ్ముడైన కొత్త కార్లలో సుమారు 89 శాతము విద్యుత్ కార్లే. మంచు కురియు ఆ చలిదేశములో, బ్యాటరీ మందగించు వాతావరణములో అది సాధ్యమైనదన్నచో పన్నుల రాయితీలతో పాటు దారి పొడవున నమ్మదగిన చార్జింగ్ ఏర్పాట్లుండుట అందుకొక కారణము.

ఇక్కడ ఒక ఆక్షేపణ వినవచ్చును. "విద్యుత్ కారు ధనికుల వస్తువు. వారి విహారయాత్రల కొరకు ప్రజల సొమ్ము వెచ్చించుట ఎందుకు?" అని. పైకి ఇది న్యాయముగానే తోచును. కాని ఆలోచించి చూడుడు. సొంత బంగళా, సొంత గ్యారేజి ఉన్న ధనికుడు రాత్రి ఇంటిలోనే చౌకగా నింపుకొనును. దూరప్రయాణమునకు అతనికి మరియొక పెట్రోలు కారు కూడ ఉండవచ్చును. పబ్లిక్ ఫాస్ట్ చార్జరే గతియైనవాడు ఎవడు? పాతబస్తీ గల్లీలో కారు నిలుపుటకే చోటు లేని అద్దె కారు డ్రైవరు. అపార్టుమెంటులో ప్లగ్గు పెట్టుకొనుటకు అనుమతి దొరకని చిరుద్యోగి. వీరు ఇంటిలో కంటె అధికమైన ధర యూనిట్‌కు చెల్లించియే స్టేషనులో నింపుకొనవలెను. అప్పు చేసి కారు కొని విజయవాడకు ప్రయాణీకులను తీసుకొనిపోవు డ్రైవరుకు రెండు గంటల నిరీక్షణ కేవలము విసుగు కాదు. అది పోయిన ఒక ట్రిప్పు, ఆ రోజు ఇంటికి చేరని కూలి, నెలాఖరున కట్టలేని వాయిదా. ఆస్పత్రికి రోగిని తీసుకొనిపోవు కుటుంబమునకు, రాత్రివేళ ఒంటరిగా కారు నడుపుకొనిపోవు స్త్రీకి, దీపము లేని నిర్జన ప్రదేశములో పని చేయని యంత్రము ముందు నిలుచుట ఎంతటి ఆపదయో వేరే చెప్పవలెనా? కనుక నమ్మదగిన మజిలీ సామాన్యుని అవసరమే.

బస్సులే చాలునని చెప్పువారు కూడ ఉన్నారు. సామూహిక రవాణాయే మేలన్న మాటను నేను మనసార అంగీకరిస్తాను. తెలంగాణ ఆర్టీసీ 2023 మేలో హైదరాబాదు, విజయవాడల మధ్య ఈ-గరుడ పేరుతో విద్యుత్ బస్సులను ప్రవేశపెట్టినది. కాని ఆ బస్సుకును చార్జింగ్ కావలెను గదా! కారుకు వేసిన విద్యుత్ లైను, ట్రాన్స్‌ఫార్మరు రేపు బస్సుకు, ఎల్లుండి లారీకి ఉపకరించును. మన దేశపు విద్యుత్తులో అధిక భాగము బొగ్గు నుండియే వచ్చుచున్నది గనుక పొగ ఊరి నుండి విద్యుత్ కేంద్రమునకు మారినదే తప్ప పోలేదని మరికొందరందురు. ఇందులో కొంత నిజమున్నది. అయితే పెట్రోలు కారు చివరి వరకు పెట్రోలే త్రాగును. విద్యుత్ కారు మాత్రము సౌరశక్తి, పవనశక్తి పెరిగినకొద్దీ తానును శుభ్రపడును.

ఇట్లుండగా చేయవలసినదేమి? నా దృష్టికి తోచినవి మనవి చేస్తాను. మొదటిది, ప్రజాధనముతో సహాయము పొందు ప్రతి స్టేషనుకు ఆ సహాయమును యంత్రము పెట్టినందుకు గాక, అది పని చేసిన గంటలను బట్టి చెల్లింపవలెను. రెండవది, ఒక పెద్ద యంత్రము బదులు ప్రతి ప్రధాన మజిలీలో కనీసము నాలుగు గన్నులుండవలెను. ఒకటి చెడినను మూడు నిలుచును. మూడవది, కూరగాయల బండి వద్ద కూడ ఫోనుతో డబ్బు చెల్లిస్తున్న ఈ దేశములో, ప్రత్యేక యాప్ లేకుండ యూపీఐ ద్వారా నేరుగా చెల్లించు వీలు ప్రతి చార్జరుకు ఉండవలెను. నాల్గవది, నీడ, దీపము, త్రాగునీరు, మరుగుదొడ్డి, డ్రైవర్లు నడుము వాల్చుటకు ఒక బల్ల, కావలి మనిషి ఉండవలెను. ఇవి లేని చోటు స్టేషను కాదు, స్తంభము మాత్రమే. అయిదవది, సూచనలు తెలుగులోను, ఉర్దూలోను, ఇంగ్లీషులోను వ్రాయించవలెను. ఆరవది మన చేతిలోనిదే. వెనుక కార్లు వేచియున్నప్పుడు 80 శాతము కాగానే గన్ను తీసి చోటివ్వవలెను. సరాయిలో ఒక్కడే నాలుగు మంచములు ఆక్రమించుట మర్యాద కాదు.

విద్యార్థి సోదర సోదరీమణులారా! ఈ విషయము మీకు దూరమైనదని తలపకుడు. మన నగరములోని మెకానిక్ షెడ్లలో మీ అన్నలు, మీ తండ్రులు ఎందరో పని చేయుచున్నారు. వారి చేతికి వచ్చిన ఇంజను విద్య విద్యుత్ కారులో సగము పనికిరాకుండ పోవును. కార్బురేటరు విప్పిన చేతులు రేపు ఇన్వర్టరును, కాంటాక్టరును విప్పవలసి వచ్చును. వందల ఓల్టుల డీసీతో పని, ప్రాణాపాయము. అది చూచి నేర్చుకొనునది కాదు, చదివి, గురువు పక్కన నిలిచి నేర్చుకొనవలసినది. ఆ విద్య ముందుగా నేర్చినవానికి ఉపాధి ఉన్నది. నేర్వనివాడు తన షెడ్డు ముందు నుండి నిశ్శబ్దముగా సాగిపోవు కార్లను చూచుచు కూర్చుండును. విజ్ఞానశాస్త్ర విద్యార్థులు బ్యాటరీ రసాయనమును, వాణిజ్యశాస్త్ర విద్యార్థులు స్టేషను ఆదాయ వ్యయములను అధ్యయనము చేయవచ్చును. 2019లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమతి లిథియం అయాన్ బ్యాటరీని రూపొందించిన గుడెనఫ్, విట్టింగ్‌హామ్, యోషినోలకు లభించినది. అప్పటికి గుడెనఫ్ వయస్సు 97 సంవత్సరములు. నేర్చుకొనుటకు వేళ మించినదని ఎవరును అనరాదు.

కళాశాల పాలకవర్గమునకు నాది ఒక సవినయ విజ్ఞప్తి. విద్యుత్ వాహనముల మరమ్మతులో ఒక సాయంకాలపు సర్టిఫికెట్ కోర్సును ప్రారంభించుట విషయము పరిశీలింపవలెను. పగలు షెడ్డులో పని చేయు యువకులకును అందులో ప్రవేశము కల్పింపవలెను. అట్లే సంవత్సరమునకు రెండుసార్లు మన విద్యార్థులు చిన్న బృందములుగా హయత్‌నగర్ నుండి కోదాడ వరకు ప్రతి చార్జింగ్ స్టేషనును దర్శించి, ఎన్ని గన్నులున్నవి, ఎన్ని పని చేయుచున్నవి, దీపమున్నదా, నీరున్నదా అని నమోదు చేసి, ఆ పట్టికను మన నోటీసు బోర్డు మీదను, అధికారులకును అందజేసినచో అది కళాశాలకు గౌరవము, బాటసారికి ఉపకారము. దీనికి పెద్ద ధనము అక్కరలేదు. బస్సు చార్జీలు, రెండు నోటు పుస్తకములు, కొంత శ్రద్ధ చాలును.

శాస్త్రజ్ఞులు చార్జింగ్ వేగమును పెంచుచునే ఉందురు. అది వారి ధర్మము. కాని యంత్రమును వెలిగించి ఉంచుట, దారిన పోవువానిని మోసగింపకుండుట సమాజము ధర్మము. మొదటి దానిని మనము విదేశము నుండి కొనవచ్చును. రెండవ దానిని మనమే చేసికొనవలెను. ఒక సరాయి కట్టించిన రాణి పేరు శతాబ్దములు గడచినను ఆ దారిలోని ఊరికి నిలిచియున్నది. ఆ దారిలోనే, నేటి బాటసారికి రాత్రి ఏ వేళ వచ్చినను లేదనని నాలుగు గన్నులు, ఒక దీపము, ఒక కుండెడు చల్లని నీరు ఏర్పాటు చేయుట మన తరమునకు మించిన పని కాదు.